ఇంట్లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసుకి పెల్లెట్ ట్రాప్ (పేల్చిన చిన్న సీసం గుళ్లని, అంటే పెల్లెట్లని, పట్టి ఆపే పెట్టె) సొంతంగా చేసుకోవచ్చా? ఎంత మందం చెక్క కావాలి?

చేసుకోవచ్చండీ. విజయనగరంలో మాది పాతకాలం ఇల్లు, వీధి గది నుంచి పెరటి వసారా దాకా తిన్నగా 10 మీటర్లు (ఎయిర్ రైఫిల్ పోటీల్లో ఉండే దూరం) దాటుతుంది, మా అమ్మాయి ప్రాక్టీసు అక్కడే. అయితే చెక్క మందం గురించి మరీ ఆలోచించకండి, చెక్క పెట్టె కట్టడానికే తప్ప పెల్లెట్‌ని ఆపడానికి కాదు. గట్టి చెక్కకి తగిలితే పెల్లెట్ వెనక్కి కూడా వస్తుంది.

మాది ప్లైవుడ్ పెట్టె. లోపల వెనకవైపు వెల్డింగ్ షాపులో కోయించిన 3 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు, పై అంచు మన వైపు వాలేలా 45 డిగ్రీల ఏటవాలుగా బిగించాం. అలా ఉంటే తగిలిన పెల్లెట్ కిందకే పోతుంది, నిటారుగా పెడితే మన మీదకే. ప్లేటు ముందంతా పాత నూలు చీరలు, గోనె ముక్కలు గట్టిగా కుక్కాం (జూట్ మిల్లులున్న జిల్లాలో గోనెకి కరువేంటి). ముందు అట్ట, దాని మీద టార్గెట్. రైఫిల్ టార్గెట్ కార్డు 8 సెంటీమీటర్ల చదరమే, అయినా పెట్టె ముఖం బాగా పెద్దదే పెట్టుకోండి, వెనక గోడకి రబ్బరు మ్యాట్ కూడా. కొత్తవాళ్ల గురి ఎటు పోతుందో చెప్పలేం.

పోటీ రైఫిల్ పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. షాపుల్లో దొరికే స్ప్రింగు గన్నుల్లో చాలావాటికి అంతకన్నా జోరు ఎక్కువ, ప్లేటు లేకుండా ఒట్టి గుడ్డల పెట్టెని నమ్ముకోకండి. ఉక్కు గుండ్లయితే ఇలాంటి ట్రాప్‌కి అసలు వాడొద్దు, ఎగిరి కంట్లో పడతాయి. సీసం పెల్లెట్లకైనా కళ్లద్దాలు తప్పనిసరి. మధ్యలో తెరుచుకునే తలుపులన్నిటికీ గడియ పెట్టాకే రైఫిల్ ముట్టుకోనిస్తాను, మా అత్తగారు ఎప్పుడు ఏ గదిలోంచి వస్తారో ఎవరికి తెలుసు!

చిత్రం ఏంటంటే, గురి కుదిరేకొద్దీ ట్రాప్ తొందరగా పాడవుతుంది. అన్నీ ఒకేచోట పడి గుడ్డల నడుమ బొరియ పడుతుంది, పైకి ఏమీ కనబడదు. ప్లేటు టంగుమని మోగిందంటే ఆపేసి గుడ్డలు తీసి మళ్లీ కుక్కాలి. కొందరు గుడ్డల బదులు ఎండినా గట్టిపడని మెత్తటి పుట్టీ (గోడలకి పూసేది కాదు) నింపుతారు, చప్పుడు తక్కువే కానీ మధ్యలో సీసం గడ్డకట్టాక కొత్త పెల్లెట్ దానికే తగిలి ముక్కలు వెనక్కి చిమ్ముతాయి, కాబట్టి తరచూ తవ్వి తీయాలి.

అసలు టెన్షన్ సీసం పొడితోనే. పెట్టె విప్పేటప్పుడు ఫ్యాన్ ఆపండి, మాస్కు, గ్లవ్స్ వేసుకోండి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టీ అయినా, టిఫినైనా. ఏరిన పెల్లెట్లు గట్టి మూత డబ్బాలో వేసి పాత బ్యాటరీలు కొనేవాళ్లకి ఇచ్చేయండి. వాటిని కరిగించి చేపల వలకి గుండ్లు పోసుకోవచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తారు, ఇంట్లో పొయ్యి మీద సీసం కరిగించే పని మాత్రం పెట్టుకోకండి.