ముందు నీళ్ల రంగు చూడండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. వీకెండ్స్‌లో లేక్ ఫోర్క్‌కి బాస్ చేపల కోసం వెళ్తున్నా. షాపులో ప్లాస్టిక్ ఎరలు బోలెడు రంగుల్లో ఉన్నాయి, చాలావరకు కొనేశా కూడా. ఏది కట్టాలండీ?

జవాబు: అందులో సగం రంగులు మిమ్మల్ని పట్టడానికే చేస్తారు! ఒడ్డున కూర్చుని ఎరను రెండడుగుల లోతుకి దించి చూడండి. బాగా కనిపిస్తుంటే నీళ్లు తేటగా ఉన్నట్టే, అప్పుడు బాస్ కంటితో చూసే వేటాడుతుంది కాబట్టి ఆకుపచ్చలో గోధుమరంగు కలిసిన గ్రీన్ పంప్‌కిన్ రంగు ప్లాస్టిక్ పురుగు చాలు. వానలకి నీళ్లు టీ రంగుకి తిరిగాయా, నలుపు-నీలం కట్టండి, మసక నీళ్లలో ముదురు ఆకారమే బాగా తెలుస్తుంది. నిమ్మపచ్చ చార్‌ట్రూస్ కూడా పర్లేదు.

ఎరుపు సంగతి వేరు. నీటిలో అన్నిటికంటే ముందు మాయమయ్యే రంగు అదే, లోతుకి వెళ్తే నల్లగా కనిపిస్తుంది. అయినా ఫిబ్రవరి, మార్చిల్లో గడ్డి ఉన్న తక్కువ లోతులో ఎర్ర క్రాంక్‌బెయిట్ (లాగుతుంటే ఊగుతూ ఈదే గట్టి ఎర) లాగి చూడండి, రొయ్యకి చుట్టంలాంటి క్రాఫిష్ అనుకుని మింగుతాయి. గడ్డికి తగులుకుంటే టక్కున లాగి విడిపించండి, చేప ఎరని అందుకునేది ఎక్కువగా అప్పుడే.