మొదటి పంప్ తుపాకీ కొనబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

ఇన్నాళ్లూ రేంజ్‌వాళ్ల తుపాకీతో క్లే టార్గెట్లు (గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్లలు) కొట్టావు, ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కుంటానంటున్నావు. చాలా సంతోషం. లైసెన్సు చేతికొచ్చాకే కొట్టుకి వెళ్తానన్నావు చూడు, ఆ మాట ఇంకా నచ్చింది. కొట్టువాళ్లు చెప్పిన రెండు తుపాకులూ ఒకే కంపెనీవి, రెండూ పంప్‌లే (ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా మారే రకం), రెండూ 12 బోరే (బ్యారెల్ గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం), మరి ఒకదాని ధర రెండోదానికి దాదాపు రెట్టింపు ఎందుకుంది మామయ్యా అని అడిగావు. కాస్త వివరంగానే చెప్తాను. ఈ విషయంలో తొందరపడి డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి నేను, నువ్వు అలా కాకూడదు.

ముందు నీ భయం సంగతి. చవక తుపాకీ చేతిలో పేలిపోతుందేమోనని రాశావు. మంచి పేరున్న కంపెనీల చవక మోడళ్లలో ఆ టెన్షన్ అక్కర్లేదు. ఉదాహరణకి రెమింగ్టన్ కంపెనీ 870 మోడల్ సంగతే చూడు. 1950లో వింగ్‌మాస్టర్ పేరుతో వచ్చింది. దాన్నే చవకగా చేసి 1987లో ఎక్స్‌ప్రెస్ పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. రెండింటి రిసీవరూ, అంటే లోపలి యంత్రమంతా ఉండే నడిమి పెట్టె, గట్టి ఉక్కు దిమ్మెను తొలిచి చేసిందే. తూటా పేలకముందే, పంప్ ముందుకు తోసినప్పుడే, బోల్ట్ (తూటా వెనక మూసే ఉక్కు ముక్క) వెళ్లి బ్యారెల్ వెనక కొసలోనే గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి ఒత్తిడంతా ఉక్కు మీద ఉక్కే మోస్తుంది. మాస్‌బర్గ్ 500 రిసీవర్ అల్యూమినియంది అయినా నిశ్చింతగా కాల్చగలగడానికి కారణం ఇదే, అక్కడా తాళం పడేది ఉక్కులోనే. పంప్‌ని వెనక్కీ ముందుకీ నడిపే కడ్డీలు కూడా చవకదాంట్లోనూ, ఖరీదైనదాంట్లోనూ రెండేసి ఉంటాయి. ఒకే కడ్డీ ఉన్న పాతకాలపు పంప్‌లు ఒక పక్కకి లాగినట్టు మెలిపడేవి. ఆ బాధ వీటిలో లేదు.

మరి ఆ ఎక్కువ డబ్బంతా ఎక్కడికి పోతుంది? చాలావరకు పైపనికి. వింగ్‌మాస్టర్ లోహాన్ని అద్దంలా మెరుగుపెట్టి, ఆ తర్వాత నీలి రంగు పట్టిస్తారు. స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, వాల్‌నట్ కర్రతో చేస్తారు. చవక మోడల్‌లో మెరుగుపెట్టే పని తగ్గించి మసక రంగు పూత వేస్తారు, స్టాక్ మామూలు కర్రతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు. ఖాళీ తూటాను బయటికి లాగే చిన్న కొక్కెం, దాన్నే ఎక్స్‌ట్రాక్టర్ అంటారు, ఖరీదైనదాంట్లో ఉక్కు ముక్కను కోసి చేస్తారు, చవకదాంట్లో లోహపు పొడిని అచ్చులో పోసి చేస్తారు. ఇది మాత్రం కంటికి ఆనని తేడా అయినా పట్టించుకోవలసిందే. అయితే ఆ కొక్కెం విడిగా దొరుకుతుంది, తెలిసినవాళ్లు కొద్ది నిమిషాల్లో మార్చేస్తారు. దానికోసం తుపాకీ మొత్తానికి రెట్టింపు పెట్టనక్కర్లేదు.

మెరుగుపెట్టడం అంటే అందం కోసమే అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. నా మొదటి తుపాకీ చవకది, కంపెనీ పేరు చెప్పను. ఒక సాయంత్రం సన్నటి జల్లులో కాల్చి, అలసిపోయి, తుడవకుండా గుడ్డ సంచిలో పెట్టేశాను. నాలుగు రోజుల తర్వాత తీస్తే బ్యారెల్ పొడుగునా తుప్పు చుక్కలు. నా వేలిముద్రలు కూడా ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది. మసక పూత కింద లోహం గరుకుగా ఉంటుంది, చెమటనూ తేమనూ ఆ గరుకు పట్టి ఉంచుతుంది. నున్నటి లోహం మీద అవి అంతగా నిలవవు. అయినా తప్పు నాదే. కాల్చిన ప్రతిసారీ నూనె గుడ్డతో ఒక్కసారి తుడిచి ఉంటే అది ఇవాళ్టికీ కొత్తగా ఉండేది. ఆ రెండు నిమిషాల ఓపిక నీకుంటే పూత గురించి దిగులుపడకు.

అదే తుపాకీ ఇంకో పాఠం కూడా చెప్పింది. చవక తూటాలు కాల్చినప్పుడల్లా ఖాళీ గుల్ల చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) ఇరుక్కుని, పంప్ ఎంత లాగినా కదిలేది కాదు. కొన్ని చవక తూటాల అడుగు పైకి ఇత్తడి రంగులో కనిపించినా లోపల ఇనుమే. పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి మళ్లీ వెనక్కి కుంచించుకున్నంతగా ఇనుము కుంచించుకోదు. చాంబర్ గోడ గరుకుగా ఉంటే అది అక్కడే అతుక్కుపోతుంది. తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన అతి సన్నటి స్టీల్ ఊల్ చుట్టిన బ్రష్‌తో చాంబర్‌ను కాసేపు రుద్ది నునుపు చేసి ఇచ్చాడు. మళ్లీ ఎప్పుడూ ఇరుక్కోలేదు. ఖరీదైనదాంట్లో ఈ నునుపు ఫ్యాక్టరీలోనే వస్తుంది. నువ్వు పెట్టే ఎక్కువ డబ్బులో నిజంగా పనికొచ్చే భాగం ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇక నీ సంగతికి వస్తాను. నువ్వు ఎడమచేతివాటం దానివి. ధరకంటే ముందు చూడాల్సింది ఇది, కొట్టులో ఎవరూ చెప్పరేమోనని భయం. 870లో సేఫ్టీ బటన్, అంటే పొరపాటున పేలకుండా ఆపేది, ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది, కుడిచేతి చూపుడువేలు కుడి నుంచి ఎడమకు నొక్కేలా. ఎడమ చేతికి అది తిరకాసు. మాస్‌బర్గ్ 500లో సేఫ్టీ రిసీవర్ పైన వెనకవైపు ఉంటుంది, ఏ చేత్తో పట్టుకున్నా బొటనవేలు కిందకే వస్తుంది. అదే కంపెనీ చవక మోడల్ మావరిక్ 88లో మళ్లీ అడ్డంగా నొక్కే బటనే. చూడు, కుడిచేతివాళ్లకు 88 కొని డబ్బు మిగుల్చుకోమని కళ్లు మూసుకుని చెప్తాను. నీకు మాత్రం 500కే వెళ్లమంటాను. ఇక్కడ ఎక్కువ డబ్బు నీ క్షేమానికి పెడుతున్నావు. ఖాళీ గుల్లలు ఈ మోడళ్లన్నిటిలో కుడి పక్కకే ఎగురుతాయి, నీ ముఖం ముందు నుంచి. అలవాటవుతుంది కానీ కళ్లద్దాలు లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకు. అది మరీ చికాకనిపిస్తే ఇథాకా 37 పాతది దొరుకుతుందేమో చూడు, దాంట్లో గుల్ల కిందికే పడుతుంది.

తర్వాత స్టాక్ పొడవు. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరిదాకా సాధారణంగా 14 అంగుళాలు ఉంటుంది. నీ చేతులకు అది ఎక్కువ. తుపాకీ భుజానికి ఆనించి చెంప పెట్టినప్పుడు నీ ముక్కుకీ, స్టాక్ పట్టుకున్న బొటనవేలి కణుపుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. అంతకు మించి దూరమైతే మెడ సాచి కాలుస్తావు, దెబ్బ చెంపకి తగులుతుంది. అందుకే పొట్టి స్టాక్‌తో వచ్చే మోడల్ అడుగు, లేదంటే కోయించుకో. వాల్‌నట్ కర్ర ఎంత అందంగా ఉన్నా పొడవు సరిపోకపోతే నువ్వు గురి తప్పుతూనే ఉంటావు. వెనక మెత్తటి రబ్బరు ప్యాడ్ ఉందో లేదో కూడా చూసుకో.

బరువు గురించి ఒక్క మాట. తేలికగా ఉందని మురిసిపోకు, తేలిక తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుంది. ఒక రౌండ్‌కి 25 టార్గెట్లు, నాలుగు రౌండ్లకి 100 తూటాలు. 500 మరీ తన్నుతోందనిపిస్తే తక్కువ మందు ఉన్న తూటాలు వాడు. 20 బోర్ తీసుకోమని ఎవరైనా అంటే అదీ తప్పేమీ కాదు. కానీ మీ నాన్న దగ్గర 12 బోర్ ఉంది కనుక ఇంట్లో రెండు రకాల తూటాలు కలిసిపోవడం నాకు ఇష్టం లేదు. 20 బోర్ తూటా పొరపాటున 12 బోర్‌లో పడితే జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. వెనక ఇంకోటి పెట్టి కాలిస్తే బ్యారెల్ పగిలిపోతుంది. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసేది ఈ ప్రమాదం తప్పించడానికే.

పంప్ గరుకుగా నడుస్తోందని కొత్తలో అనిపిస్తుంది. ఖరీదైనది వెన్నలో వేలు పెట్టినట్టు జారుతుంది, నిజమే. చవకది కూడా వాడకంలో నునుపవుతుంది. డమ్మీ తూటాలు కొనుక్కుని, అసలు తూటాలు ఆ గదిలో లేకుండా చూసుకుని, రోజూ కాసేపు పంప్ పూర్తిగా వెనక్కి లాగి పూర్తిగా ముందుకు తోయడం అలవాటు చేసుకో. కొత్తవాళ్ల తుపాకీ ఆగిపోవడానికి సగం కారణం పంప్ సగంలోనే వెనక్కి రావడం. ఏ ధర పెట్టినా అది తీరదు.

నిజానికి నా మనసులో ఉన్నది ఇంకోటి. సెకండ్‌హ్యాండ్‌లో మంచి వింగ్‌మాస్టర్ లాంటిది కొత్త చవకదాని ధరకి దొరికితే, చేతివాటం అడ్డు రాని ఎవరికైనా అదే కొనమంటాను. పాతదైనా ఆ నునుపు పోదు. నువ్వు పాత 500 చూసినా సరే, ఈ పని చెయ్యి: ముందు చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకో. తర్వాత బ్యారెల్ విప్పించి వెలుతురుకేసి లోపల చూడు. ఎక్కడైనా ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బిందన్నమాట, ఇక బేరం ఆడకుండా వచ్చేయ్. పంప్ పిడి కింద దాగిన గొట్టం మీద తుప్పుందేమో చూడు, అమ్మేవాళ్లు తుడవడం మరిచిపోయేది అక్కడే.

మిగిలిన డబ్బుతో తూటాలు, చెవులకు రక్షణ, ట్రిగ్గర్ తాళం కొను. రేంజ్‌లో మంచి కోచ్ ఉంటే నాలుగు క్లాసులకు కట్టు.

ఏది నచ్చిందో ఫోటో తీసి పంపు. భుజానికి ఆనించినప్పుడు పక్క నుంచి ఇంకొకటి తీయించు, స్టాక్ పొడవు చూసి చెప్తాను.

నీ మామయ్య