ఆకుపచ్చ ట్యూబు దేనికి, దేనికి కాదు

చి. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. కళ్యాణదుర్గం దావలో హాస్టలు వార్డెనుగా చేరినావు, మందుల పెట్టె తాళం నీ చేతికొచ్చింది, మంచిదే. పెట్టెలో అన్నిటికంటే ముందు అయిపోయేది ఆకుపచ్చ ట్యూబే అని రాసినావు. అయిపోతుంది మరి! మొటిమకూ అదే, గజ్జికీ అదే, చెమటకాయలకూ అదే, వంటామె కాలి పగుళ్ళకూ అదే. ఈ నాలుగింటిలో దానికి నిజంగా పని ఉన్నది చివరి దాంట్లోనే.

ఆ ఆకుపచ్చ ట్యూబులో ఉండే బోరోలిన్ క్రీము ఈనాటిది కాదు, 1929లో కలకత్తాలో పుట్టిన సరుకు. అందులో మందు అనదగ్గవి రెండే: బోరిక్ ఆసిడ్, జింక్ ఆక్సైడ్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పారఫిన్, లానోలిన్ లాంటి జిడ్డు. లానోలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు. బోరిక్ ఆసిడ్ క్రిములను పెరగనీయకుండా కొంచెం ఆపుతుంది, అంతే. లోపల పాతుకున్న చీమును చంపే బలం దానికి లేదు. జింక్ ఆక్సైడ్ ఒరుసుకుపోయిన చర్మానికి అడ్డంగా నిలబడుతుంది. జిడ్డు చర్మంలోని తేమను బయటికి పోనీయదు. కాబట్టి ఈ క్రీము చేసేది మూత పని. కింద శుభ్రంగా ఉంటే మూత మేలు చేస్తుంది. కింద మట్టో, చీమో, చెమటో ఉంటే అదే మూత కీడు చేస్తుంది. ఎవరు చెయ్యి చాపినా ముందు కింద ఏముందో చూడు, ట్యూబు తర్వాత తియ్యి.

పెట్టెలో ఉన్న మిగతా ట్యూబులు దీనికి అన్నదమ్ములు కావు. బర్నాల్ పసుప్పచ్చగా ఉంటుంది, దాని మందు వేరు. సోఫ్రామైసిన్ యాంటీబయోటిక్. బెటాడిన్ అయోడిన్ మందు. ఒకదాని మీద ఒకటి పూసి బలం పెంచుదామనుకోవద్దు, ఒక పుండుకు ఒకటే. థైరాయిడ్ మాత్రలు మింగే పిల్ల ఉంటే బెటాడిన్ రోజుల తరబడి పూయొద్దు.

దెబ్బల సంగతి. ఆటస్థలంలో మోకాలు దోక్కుపోయింది, కూరగాయలు తరుగుతా వేలు తెగింది, ఇట్లాంటివాటికి క్రీము సరే, కానీ అది చివరి మెట్టు. ముందు నీ చేతులు సబ్బుతో కడుక్కో. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టు. మధ్యలో ఎత్తి చూడొద్దు, చూసినప్పుడల్లా కట్టిన గడ్డ ఊడి రక్తం మళ్ళీ మొదలవుతుంది. తర్వాత కొళాయి కింద ధారగా ఐదు నిమిషాలు కడుగు. తాగడానికి పనికొచ్చే నీళ్ళు గాయానికీ పనికొస్తాయి. సబ్బు చుట్టుపక్కల రాయి, పుండులోకి రుద్దొద్దు. ఇసుక, గరుసు మిగిలితే స్పిరిట్‌తో తుడిచిన పట్టకారుతో ఏరెయ్యి. డెటాల్ సీసా మీద రాసినన్ని నీళ్ళు కలపకుండా నేరుగా పోస్తే మంటతో పాటు కొత్త చర్మం గూడా మాడుతుంది. గాజు గుడ్డతో అద్ది ఆరబెట్టి, అప్పుడు కందిబ్యాడంత క్రీము పలుచగా పరిచి, పైన గాజు గుడ్డ వేసి ప్లాస్టర్ అంటించు. తెల్లగా మందంగా మెత్తితే తొందరగా మానుతుందని మనవాళ్ళకో నమ్మకం. మందంగా మెత్తితే గాయం అంచులు నానిపోయి తెల్లబడతాయి, మానడం ఆలస్యమవుతుంది. రోజుకొకసారి, కట్టు తడిసినా మురికైనా వెంటనే, విప్పి కడిగి మళ్ళీ వెయ్యి. కాఫీ పొడి, సున్నం, నశ్యం అని ఎవరైనా చేతిలో పట్టుకొని వస్తే వాకిట్లోనే ఆపు.

కంపముల్లు గుచ్చుకుంటే వేరే లెక్క. పైన చుక్కంత రంధ్రం, లోపల విరిగిన కొస. దాని మీద క్రీము పూస్తే ఉపయోగం లేకపోగా, ధనుర్వాతం క్రిమికి గాలి తగలని చోటే కావాలి. కొస కనిపిస్తే తీసెయ్యి, కనిపించకపోతే సూదితో కెలక్కుండా పి.హెచ్.సి.కి పంపు. పిల్లల టీకా కార్డులు తెప్పించి ఒక ఫైల్లో పెట్టుకో. ధనుర్వాతం రాకుండా వేసే టి.డి. టీకా 10 ఏళ్ళ వయసులో ఒకటి, 16 ఏళ్ళ వయసులో ఒకటి వెయ్యాలి. లోతైన గాయమో, మట్టి పట్టిన గాయమో అయి, చివరి సూది వేసి ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించాలి.

కుక్క కరిచినా గీరినా క్రీము వద్దు, కట్టు వద్దు, పసుపు వద్దు, కారం అసలే వద్దు. సబ్బు నురగతో ధార నీళ్ళ కింద గడియారం చూసి పదిహేను నిమిషాలు కడిగి, బెటాడిన్ అద్ది, ఆ రోజే సూదికి పంపు. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి వేసేదైతే మొదటి సూది రోజును సున్నాగా లెక్కపెట్టి, ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. నొప్పి తగ్గిందని 28వ రోజు ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ, ఆ తేదీ గోడ క్యాలెండరు మీద రాసి పెట్టు.

ఇప్పుడు మొటిమలు. పన్నెండు నుంచి పదహారేళ్ళ ఆడపిల్లలున్న చోట ట్యూబు ఖాళీ అయ్యేది ఇక్కడే. మొటిమ అంటే జిడ్డు వచ్చే రంధ్రం మూసుకుపోయి లోపల వాయడం. మూసుకుపోయిన దాని మీద ఇంకో జిడ్డు మూత పెడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. క్రీములో పసుపు కలిపి రాత్రంతా ఉంచుకునే పిల్లలకు పొద్దునకు కొత్తవి నాలుగు లేస్తాయి. వాళ్ళ నుదురు చూడు, మొటిమలు జుట్టు అంచున వరసగా ఉంటే తలనూనె కారుతోందని అర్థం. నూనె కుదుళ్ళకు తక్కువ పెట్టి, జడ బిగించి, పడుకునే ముందు ముఖం కడగమను. రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. అరగంటకోసారి సబ్బు రుద్దితే చర్మం ఎండి మంట పుడుతుంది, మొటిమ పోదు.

మందు కావాలంటే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ ఉంది. ఆరిన ముఖం మీద, మొటిమ ఒక్కదాని మీదే కాకుండా అవి వచ్చే చోటంతా, పలుచగా. మొదటి రెండు వారాలు రాత్రి మార్చి రాత్రి, తర్వాత రోజూ. కొంచెం పొట్టు లేస్తుంది, మామూలే. ఎర్రగా వాచి దురద పెడితే ఆపెయ్యి. ఇది బట్టల రంగు పీలుస్తుంది, యూనిఫాం కాలరు, దిండు గలీబు జాగ్రత్త. ఆరు నుంచి ఎనిమిది వారాలు పూస్తే గానీ ఫలితం కనబడదు. పిల్లలు వారం చూసి పారేస్తారు, ఆ సంగతి ముందే చెప్పు. గడ్డల్లాగా లోతుగా లేచి గుంటలు పడుతుంటే మాత్రం ఆగొద్దు, చర్మం డాక్టరు దగ్గరికే.

గిల్లనీయొద్దు. ముఖ్యంగా ముక్కు పై నుంచి రెండు పెదవి మూలల దాకా ఉండే చోట. అక్కడి రక్తనాళాలకు తల లోపలి నాళాలతో సంబంధముంది. చంకలోనో తొడ మీదో సెగ్గడ్డ లేస్తే గోరువెచ్చని తడి గుడ్డ పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టు, దానంతట అది పగులుతుంది.

మొటిమల పేరుతోనే ఇంకో ట్యూబు హాస్టల్లోకి వస్తుంది: ముఖం తెల్లబడే క్రీము. అంగట్లో చీటీ లేకుండా ఇచ్చేస్తారు. పెట్టె తిప్పి చదువు. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మోమెటాసోన్, ఈ మూడింట్లో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇట్లాంటి 14 స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది, అంగళ్ళలో ఆ కట్టడి ఎంత నడుస్తుందో నీకే తెలుస్తుంది. వారంలో ముఖం నున్నగా మెరుస్తుంది, అదే దాని మోసం. నెలల మీద చర్మం పలుచబడి, ఎర్ర నరాలు తేలి, మీసం మొలిచినట్లు వెంట్రుకలొస్తాయి. మానేస్తే మంటతో మొటిమలు ఒక్కసారిగా లేస్తాయి. అప్పటికే నెలల తరబడి వాడుతున్న పిల్ల ఉంటే తిట్టొద్దు, దాన్ని ఎట్ల మాన్పించాలో డాక్టరే చెప్పాలి.

తామర మీద గూడా ఈ స్టెరాయిడ్ ట్యూబులే పూస్తారు. దురద ఆగుతుంది, చక్రం అంచు చెదిరిపోయి గుర్తు పట్టలేకుండా ఒళ్ళంతా పాకుతుంది. ఆకుపచ్చ ట్యూబు అంత చెడ్డది కాదు గానీ తామర తెచ్చే బూజును చంపేది అందులో ఏమీ లేదు, పైగా తేమ నిలబెడుతుంది. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, నడుమ తేటగా ఉంటే తామర అనుకో. 1 శాతం క్లోట్రిమజోల్, రోజుకు రెండుసార్లు, అంచు దాటి రెండు వేళ్ళ మేర పూయి. మచ్చ పోయినాక ఇంకో రెండు వారాలు పూయాలి, సగంలో ఆపితే అదే చోట మళ్ళీ వస్తుంది. లోబట్టలు గది లోపల తాడు మీద ఆరేసేది మాన్పించు, అనంతపురం ఎండ ఉండగా ఆ కర్మ దేనికి.

గజ్జి అయితే ఒక పిల్ల జబ్బు కాదు, గది జబ్బు. వేళ్ళ సందుల్లో, మణికట్టులో, నడుము చుట్టూ పొక్కులు, రాత్రిళ్ళు దురద. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ళ కింద గూడా పూసుకొని, 8 నుంచి 12 గంటలుంచి స్నానం చెయ్యాలి. వారం తర్వాత మళ్ళీ ఒక్కసారి. దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతికించు. ఉతకలేనివి సంచిలో మూట కట్టి మూడు రోజులు పక్కన పెట్టు. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలుంటుంది, అది చూసి మందు పనిచెయ్యలేదని రోజూ పూయొద్దు.

ముక్కు చుట్టూ, నోటి చుట్టూ తేనె రంగు చెక్కు కట్టే పుండ్లు గూడా అంటుకునేవే. వాటికి డాక్టరు రాసే యాంటీబయోటిక్ కావాలి. ఆ పిల్ల తువ్వాలు వేరు పెట్టు.

చెమటకాయలకు ఏ జిడ్డూ పనికిరాదు. చెమట రంధ్రాలు మూసుకుపోయే కదా అవి లేచింది. చల్లని నీళ్ళ స్నానం, వదులు నూలు బట్టలు, దురదకు కాలమైన్ లోషన్, అంతే.

ఇక ఆకుపచ్చ ట్యూబు అసలు పని, వంటామె కాళ్ళు. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, రాయితో మెల్లగా ఒకే దిక్కుకు రుద్దాలి. బ్లేడు వద్దు. తుడిచినాక చర్మం కొంచెం చెమ్మగా ఉండగానే, వేలి మొదటి కణుపు పొడుగు క్రీము ఒక్కో మడమకు తీసుకొని చీలిక లోపలికి అదిమి పూయాలి. వేలి కణుపు పొడుగంటే సుమారు అర గ్రాము. పైన నూలు మేజోళ్ళు తొడుక్కొని పడుకోవాలి, లేకపోతే క్రీమంతా దుప్పటికే. రెండు వారాలు వరసగా చేస్తే చీలికలు పూడతాయి. పగలు మడమ వెనక మూసి ఉండే చెప్పులు వేసుకోమను. ఒక్క సంగతి ముందు అడుగు, చక్కెర జబ్బు ఉందా అని. ఉంటే ఈ నానబెట్టడం, రుద్దడం ఏదీ వద్దు. స్పర్శ తెలియని కాలికి నీళ్ళ వేడి తెలియదు, చిన్న చీలిక పెద్ద పుండవుతుంది. అట్లాంటి కాలు డాక్టరు చూడాల్సిందే.

పెదాలకు ఇది వద్దు, నాకి మింగుతారు. ఉత్త వాసెలిన్ చాలు. ఆయా బిడ్డకు పిర్రల మీద ఒరిసినా ఇది పూయొద్దు. పచ్చి చర్మం నుంచి బోరిక్ ఆసిడ్ ఒంట్లోకి దిగుతుంది, పసిబిడ్డలకు అది విషం. బోరిక్ ఆసిడ్ లేని జింక్ ఆక్సైడ్ పూత దొరుకుతుంది.

సంకటి చిల్లి చెయ్యి కాలితే ధార నీళ్ళ కింద ఇరవై నిమిషాలు. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, క్రీము గూడా అప్పుడే వద్దు. వేడి లోపలే నిలిచిపోతుంది. బొబ్బ చిదమొద్దు. ఆ పిల్ల అరచేయి కంటే పెద్దదైనా, ముఖం, చేతి వేళ్ళు కాలినా 108కి ఫోన్ చెయ్యి.

ఏ పుండయినా ఎర్రదనం పాకుతుందేమో అనుమానముంటే అంచు వెంట బాల్ పెన్నుతో గీత గియ్యి. మర్నాటికి ఎరుపు గీత దాటినా, జ్వరం వచ్చినా, ఎర్ర చార పైకి పాకినా, మూడో రోజుకు నొప్పి పెరిగినా ఆసుపత్రికి. రెండు వారాలకు మానని పుండూ అంతే. పాలిపోయిన మచ్చ మీద దూదితో తాకితే తెలియడం లేదంటే ఏ క్రీమూ పూయకుండా పి.హెచ్.సి.లో చూపించు. కుష్ఠు అయితే మందు ఉచితం, తొందరగా మొదలుపెడితే వంకర రాదు.

కొత్త ట్యూబు ఎవరికి మొదటిసారి పూసినా మోచేతి మడత లోపల రెండు రాత్రులు కొంచెం రాసి చూడు. లానోలిన్ పడనివాళ్ళుంటారు, సోఫ్రామైసిన్ పడనివాళ్ళు ఇంకా ఎక్కువ. ట్యూబు మూతిని పుండుకు ఆనించొద్దు, ఇయర్ బడ్ మీద తీసుకో. తెరిచిన తేదీ ట్యూబు మీద రాయి, ఆరు నెలలకు పారెయ్యి. మీ స్టోరు గది రేకుల కప్పు అని విన్నాను. ఎండాకాలం అక్కడ పెడితే నూనె వేరు, ముద్ద వేరు అవుతుంది. పెట్టెను నీ గదిలో నేల వారన పెట్టుకో.

మీ పెద్దమ్మ