తీగ మీటడం వచ్చు, ఆపడం నేర్చుకో

అల్లుడూ,

గంగ జాతరకి ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించే మనిషి దొరక్క నిన్ను పట్టుకున్నారనీ, "గిటారు వచ్చు కదా, రెండు తీగలు తక్కువే" అన్నారనీ రాశావు. వాళ్ళ మాట సగం నిజమే. బేస్ మీదుండే ఈ (E), ఏ (A), డీ (D), జీ (G) నీ గిటారులోని నాలుగు లావు తీగలే, ఒక స్థాయి కింద. ఏ ఫ్రెట్‌లో (మెడ మీది లోహపు కమ్మీల మధ్య గడిలో) ఏ స్వరముందో మళ్ళీ నేర్చుకోనక్కర్లేదు. పైగా గిటారులో జీకీ బీకీ మధ్య దూరం మారి చేతి ఆకారాలు చెదురుతాయి చూడు, ఆ పీడ ఇక్కడ లేదు. ఒక తీగ మీద నేర్చిన ఆకారం పక్క తీగకి జరిపినా అట్లే ఉంటుంది.

కష్టమంతా మోగకూడని తీగని మూయడంలో ఉంది. గిటారులో పక్క తీగ కాస్త మోగినా కార్డ్‌లో, అంటే కలిసి మోగే స్వరాల గుంపులో, కలిసిపోతుంది. బేస్‌లో ఈ (E) తీగ సుమారు 41 హెర్ట్జ్. అది అడుగున గుయ్యిమంటూ ఉంటే పైన పాడేవాళ్ళ మాట కూడా తేలదు. అందుకని మొదటి రెండు వారాలు పాటల జోలికి పోకుండా కుడిచేయి ఒక్కటే చూసుకో.

చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి రావాలి. తీగని పైకి లాగొద్దు. వేలు తీగని దాటుకుని వెళ్ళి పక్కనున్న లావు తీగ మీద ఆనాలి. ఏ (A) తీగ మీటితే వేలు ఈ (E) తీగ మీద ఆగి దాన్ని మూసేస్తుంది, ఒక్క కదలికలో రెండు పనులు. ఈ (E) తీగ వాయించేటప్పుడు బొటనవేలు పికప్ (తీగల కింద వాటి మోతని పట్టే దిమ్మ) మీద ఉంచు. ఏ (A), డీ తీగల మీదికి వెళ్ళినప్పుడు దాన్ని ఈ (E) తీగ మీదికి దించు. జీ వాయించేటప్పుడు ఈ, ఏ రెండింటి మీదా అడ్డంగా పడుకోబెట్టు. సన్న తీగల్ని మాత్రం ఎడమచేతి వేళ్ళ అడుగుభాగం తేలిగ్గా తాకి మూయాలి. సన్న తీగ నుంచి లావు తీగకి దిగేటప్పుడు వేలు మార్చకుండా అదే వేలితో మీటు, ఎందుకంటే అది అప్పటికే అక్కడ ఆని ఉంటుంది. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ళ) వాడినా తప్పులేదు, అప్పుడు అరచేతి అంచుతో మూయడం నేర్చుకోవాలి.

గిటారు వాళ్ళకి ఇంకో జబ్బు, గట్టిగా కొట్టడం. బలంగా కొడితే తీగ ఫ్రెట్ కమ్మీలకి తగిలి కటకటమంటుంది, స్వరం మొదట కొంచెం పైకి ఎగిరి కూర్చుంటుంది. యాంప్ (శబ్దం పెంచే పెట్టె) పెంచుకుని చేయి తగ్గించు. కుడిచేతి వేళ్ళకి మొదట బొబ్బలొస్తాయి. వాటిని పొడవొద్దు, రెండ్రోజులు ఆపు.

ఎడమచేతికి కొలతలు తెలియాలి. మామూలు బేస్ స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలు, నీ గిటారుది 25.5 అయ్యుంటుంది. అంటే మొదటి ఫ్రెట్ వెడల్పు గిటారులో 36 మిల్లీమీటర్లయితే బేస్‌లో సుమారు 48. అక్కడ నాలుగు వేళ్ళకి నాలుగు ఫ్రెట్లు అని సాగదీస్తే మణికట్టు పోతుంది. ఐదో ఫ్రెట్ దాకా డబుల్ బేస్ వాళ్ళ పద్ధతి పట్టు: చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు మూడు ఫ్రెట్లకి, ఉంగరపువేలు చిటికెనవేలికి తోడు. నాలుగో స్వరం కావాలంటే చెయ్యే జరుగుతుంది. ఆపైన ఫ్రెట్‌కో వేలు సరిపోతుంది. నొప్పి పుడితే ఆపేయి, ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు.

ఇంక ఏం వాయించాలి? సా, పా, పై సా. జీ కార్డ్‌కి ఈ (E) తీగ 3వ ఫ్రెట్ సా, ఏ (A) తీగ 5వ ఫ్రెట్ పా, డీ తీగ 5వ ఫ్రెట్ పై సా. పాటలో సగం పని దీంతోనే గడుస్తుంది. కార్డ్ మారే ముందు ఒక మెట్టు కింది స్వరం పెడితే దారి చూపినట్టుంటుంది. జీ నుంచి సీకి పోతున్నావనుకో, నాలుగో దెబ్బకి ఏ (A) తీగ 2వ ఫ్రెట్, ఆ వెంటనే 3వ ఫ్రెట్. ఒక్కటి గుర్తుంచుకో: కీబోర్డు సీ మేజర్ పట్టినా అడుగున నువ్వు ఏ (A) వాయిస్తే వినేవాళ్ళకి అది ఏ (A) మైనర్ సెవెన్ అనే వేరే కార్డ్. నీ తప్పు నీతో ఆగదు. లీడ్ వాయించాలని చేయి దురద పెడితే ఇంటికొచ్చి గిటారు తీసుకో.

సాధనకి రోజుకి 20 నిమిషాలు చాలు. మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని లయ చూపేది) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి ఒకే స్వరం మీటి, మూడు దెబ్బలు నిలిపి, సరిగ్గా నాలుగో దెబ్బకి ఆపు. మొదలు అందరికీ కుదురుతుంది, ముగింపే జారుతుంది. అది కుదిరాక 80 వేగం పాటకి మెట్రోనోమ్‌ని 40కి పెట్టి, ప్రతి టిక్కునీ రెండో దెబ్బగా, నాలుగో దెబ్బగా లెక్కపెట్టుకో. డ్రమ్స్‌లో స్నేర్ (చటుక్కున పలికే చిన్న డ్రమ్ము) పడేది అక్కడే. మృదంగంలో ఎడమ తొప్పికి చెవి పెట్టే అలవాటుంటే కిక్ డ్రమ్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముని) పట్టుకోవడం నీకు తేలిక. పాట విని బేస్ ఎత్తుకునేటప్పుడు ఫోను స్పీకర్‌ని నమ్మొద్దు, ఆ అడుగు శబ్దాలు అందులో పలకవు. హెడ్‌ఫోన్ పెట్టుకో. అప్పటికీ దొరక్కపోతే యాప్‌లో పాటని ఒక స్థాయి పైకి ఎత్తి విను.

బేస్ కొనడానికి చెన్నై వెళ్తానన్నావు. నాలుగు తీగలదే తీసుకో, ఐదు తీగలది ఇప్పుడు వద్దు. ఈ (E) తీగని మొదటి ఫ్రెట్‌లోనూ చివరి ఫ్రెట్‌లోనూ నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడు. విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. అసలు లేకపోయినా, బాగా ఎక్కువున్నా ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) తిప్పించాలి, ఒకసారికి పావు చుట్టు మించకుండా. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లయితే బాగుంటుంది. జీ తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఒక్కో స్వరం విను, కొన్ని బేస్‌లలో అక్కడ మోత చటుక్కున చచ్చిపోతుంది. బరువు 4 కిలోలకి అటూఇటూ ఉంటుంది కాబట్టి మూడంగుళాల వెడల్పు పట్టీ కొను. శ్రుతి చూపే ట్యూనర్ లావు ఈ (E) తీగని గుర్తుపట్టక తికమకపడితే 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తేలిగ్గా తాకి మీటే స్వరం) పలికించి చూడు.

ఇంట్లో గిటారు యాంప్‌లో మెల్లగా వాయిస్తే ఫర్వాలేదు. వాల్యూమ్ పెంచితే ఆ స్పీకర్ చిరిగిపోతుంది. జాతర స్టేజీ మీద డీఐ బాక్సు (బేస్ శబ్దాన్ని మిక్సర్‌కి పంపే చిన్న డబ్బా) నుంచి నేరుగా మిక్సర్‌కి ఇవ్వమను. గుయ్యి శబ్దం తగ్గాలని ఎవరైనా యాంప్ ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేస్తే ఆ యాంప్ ముట్టొద్దు. తీగల మీద చేయి ఉండగా మైకు పెదవికి తగిలితే షాక్ కొడుతుంది.

రిహార్సల్ రోజు మిగతా వాళ్ళకంటే అరగంట ముందు డ్రమ్స్ అబ్బాయిని రమ్మను. ఇద్దరే కూర్చుని కిక్ పడే ప్రతిచోటా నీ సా పడేలా చూసుకోండి. నువ్వు ఎక్కడ స్వరం ఆపుతున్నావో కూడా అతనికి చెప్పు, అక్కడ అతను స్నేర్ వేస్తాడు.

మీ మామ,
చిత్తూరు