అది ర్యాంకు కాదమ్మా, స్కోరు

తిరుపతి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షలో 1600కి 1490 వచ్చిందని, అప్పట్నుంచీ నువ్వు అన్నం సరిగా తినడం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మళ్లీ రాయాలా అని నన్ను అడగమన్నావట. ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ని, మీ అక్కని అమెరికా పంపడానికి ఏడాది పాటు ఆ కాగితాలతో కుస్తీ పట్టినవాణ్ని. అందుకే రాస్తున్నా.

మనకి ర్యాంకు అలవాటు. జేఈఈలో, నీట్‌లో మంచి ర్యాంకు వస్తే సీటు దానంతటదే వస్తుంది. మన ఆంధ్రా ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఇంటర్ మార్కులు 25 శాతం కలుపుతారు, అదీ లెక్కే. అమెరికాలోని పెద్ద కాలేజీలు అలా కాదు. 1600కి 1600 తెచ్చుకున్న పిల్లల్ని కూడా ఏటా వెనక్కి పంపుతాయి. హార్వర్డ్‌కి దరఖాస్తు పెట్టినవాళ్లలో సీటొచ్చేది నూటికి ముగ్గురికో నలుగురికో. అక్కడ స్కోరంటే మన కొండమీద 300 రూపాయల టికెట్ అనుకో. క్యూలోకి పోనిస్తారు. టికెట్ కొన్నాం కదా అని స్వామి ముందు ఇంకో నిమిషం నిలబడనిస్తారా? జరగండి, జరగండి అంటారు.

అలాగని దాన్ని తీసిపారేయకు. కోవిడ్ వచ్చిన 2020లో చాలా కాలేజీలు స్కోరు పంపడం మీ ఇష్టం అన్నాయి. 2022లో ఎంఐటీ మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ అదే దారి పట్టాయి. డార్ట్‌మత్ వాళ్లు తేల్చిన సంగతి నీకు పనికొస్తుంది. పెద్దగా సౌకర్యాల్లేని బడుల పిల్లలు కొందరు, వచ్చిన స్కోరు తక్కువనుకుని దాచుకున్నారట. పంపి ఉంటే వాళ్లకే మేలు జరిగేదట. ఎందుకంటే ఆ స్కోరుని బడితో, ఇంటి పరిస్థితితో కలిపి చూస్తారు.

మనకైతే ఇది మరీ ముఖ్యం. ఇంటర్‌లో నీ 980 ఎంత గొప్పదో బోస్టన్‌లో కూర్చుని దరఖాస్తులు చూసే ఆయనకి ఏం తెలుసు? మీ కాలేజీ పేరు కూడా విని ఉండడు. ఆయన చేతికి అలవాటైన కొలబద్ద ఆ స్కోరే. కాబట్టి దాచకు. బర్కిలీ లాంటి కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో మాత్రం సీటుకి దాన్ని అసలు చూడరు.

మళ్లీ రాయాలా అంటే, లెక్కల్లో ఎంతొచ్చిందో మీ అమ్మ చెప్పలేదు. ఎంఐటీలో చేరేవాళ్లలో ఎక్కువమందికి లెక్కల్లో 800కి 780కి తగ్గదు. నీది 750 లోపు ఉంటే ఒక్కసారి రాయి. మూడోసారి మాత్రం వద్దే వద్దు.

మీ అక్క విషయంలో నేను చేసిన తప్పు అదే. 1500 చాలదని నాలుగుసార్లు రాయించా. పెరిగింది ముప్పై. ఆ గొడవలో, దరఖాస్తుతో పాటు పంపాల్సిన టీచర్ల సిఫారసు ఉత్తరాలు గాలికొదిలేశాం. ఒక కన్సల్టెన్సీ అతను "మేం చూసుకుంటాం సార్" అని తనే రెండు రాసి, లెక్చరర్ల చేత సంతకాలు పెట్టించాడు. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. కష్టపడే పిల్ల, వినయం గల పిల్ల, అంతే. వాళ్ల ఫిజిక్స్ సారేమో, మూలన పడేసిన గాల్వనోమీటరుని మీ అక్క ఖాళీ గంటల్లో విప్పి బాగుచేసిన సంగతి కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ ఒక్క సంగతీ ఏ కాగితంలోకీ ఎక్కలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

నువ్వు రేపే మీ సార్ల దగ్గరికి పో. నీ గురించి వాళ్లకి గుర్తున్నవి వాళ్ల మాటల్లోనే రాయమను, ఇంగ్లీషు బాగాలేకపోయినా ఫర్వాలేదు. అమెరికా బడుల్లోలా ఈ కాగితాలన్నీ చూసుకునే కౌన్సెలర్ మన జూనియర్ కాలేజీల్లో ఉండడు కాబట్టి ప్రిన్సిపాల్‌కి ఇదంతా నువ్వే ఓపిగ్గా చెప్పుకోవాలి. చాలా కాలేజీలకి ఉమ్మడిగా పెట్టే దరఖాస్తులో నీ గురించి నువ్వు రాసే వ్యాసం 650 మాటలకి మించకూడదు. దానికి మాత్రం రెండు నెలలు పెట్టుకో, ఎవరిచేతా రాయించకు.

డబ్బు సంగతి. హార్వర్డ్, ఎంఐటీ లాంటివి స్కోరు చూసి ఫీజు తగ్గించవు, ఇంటి ఆదాయం చూస్తాయి. స్కోరుకి స్కాలర్‌షిప్ ఇచ్చే యూనివర్సిటీలు వేరే ఉన్నాయి. అలాంటి చోట ఇరవై పాయింట్లు పెరిగినా డబ్బులో తేడా రావచ్చు. మీ నాన్నతో కూర్చుని ఆ లిస్టు వేరేగా రాయాలి.

ఆదివారం ఇంటికి రా. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల కాగితాలన్నీ పట్టుకురా. పెద్దమ్మ సంగటి, నాటుకోడి పులుసు చేస్తానంటోంది.

ఇట్లు
మీ పెదనాన్న