గోడ పగిలింది కదా అని సిమెంటు పూయకు

అల్లుడూ,

బల్లార్‌పూర్ ఇంటికి వెళ్లి చూసొచ్చాను. పగులు వెనకగది కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా పైకెక్కింది. కింద సన్నగా ఉంది, పైన రూపాయి బిళ్ల దూరుతోంది. ఆ గది తలుపు కూడా గడపకు రాసుకుంటోంది. కిరాయికున్నావిడ ఎప్పుడో చూసిందట, నీకు చెప్తే ఖాళీ చేయిస్తావేమోనని ఊరుకుంది. ముందు ఆ భయం పోగొట్టు. రోజూ ఆ గోడను చూసేది ఆవిడే.

మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించేస్తానన్నావు, ఆ పని మాత్రం చేయకు. రేపు ఇంటి బీమా క్లెయిమ్ వేస్తే చూపించాల్సింది ఆ పగులే. చివర్లలో పెన్సిల్ గీత పెట్టి తేదీ రాశాను, స్కేలు ఆనించి ఫొటోలు తీశాను. అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించాను, గోడ ఇంకా కదులుతుంటే అది విరుగుతుంది. మనది నల్లరేగడి. ఎండకు బిగుసుకుని వానకు ఉబ్బుతుంది. వేసవిలో విచ్చుకుని వానల్లో మూసుకుంటే నేల గుణం అనుకోవచ్చు. వానల్లోనూ పెరిగితే ఇంజనీర్ని పిలవాల్సిందే. బాత్రూం పైపు కారుతోందేమో కూడా చూపిస్తాను, చాలాసార్లు దొంగ అదే.

మన చంద్రపూర్ జిల్లాలోనే ఉన్న ఘుగ్గూస్ సంగతి గుర్తుందిగా? 2022 ఆగస్టులో ఒక ఇల్లు ఇల్లే నేలలోకి దిగిపోయింది. కింద పాత బొగ్గు గని ఉందన్నారు. ముందే బయటికి పరుగెత్తడంతో ఇంట్లోవాళ్లు బతికారు. గచ్చు కుంగినా, గోడల్లో చప్పుడు వినిపించినా సామాను వదిలేసి బయటికి రమ్మని ఆవిడకు చెప్పాను.

ఇక పాలసీ. నీది భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా అయితే ఇంటి కింద నేల కుంగడానికి కవర్ ఉంది. మినహాయింపులు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చదువు. కొత్త కట్టడం సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్లు, నేల ఎత్తు చేయడానికి పోసిన మట్టి కుంగడం, నాసిరకం పని, తవ్వకాలు: వీటికి ఇవ్వరు. మనలాంటి బొగ్గు గనుల ఊళ్లో పేచీ వచ్చేది ఈ ‘తవ్వకాలు’ దగ్గరే. పాత గని వల్ల నేల కుంగితే ఇస్తారా అని కంపెనీకి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకో. ‘అన్నీ వస్తాయి సార్’ అనే ఏజెంటు మాట క్లెయిమ్ రోజున ఎందుకూ పనికిరాదు. పగులు దాచి కొత్త పాలసీ తీసుకునే తెలివి అసలే వద్దు.

ఇల్లు కిరాయికిచ్చినట్టు కంపెనీకి చెప్పావా? లేకపోతే ఇవాళే చెప్పు. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా దెబ్బతింటే పోయిన కిరాయికి కూడా ఆ పాలసీలో కవర్ ఉంది, కానీ కిరాయి ఎంతో కాగితం మీద చూపించాలిగా. మహారాష్ట్రలో కిరాయి ఒప్పందం రిజిస్టర్ చేయించడం ఎలాగూ తప్పనిసరి. నువ్వేమో స్టాంపు పేపరుతో సరిపెట్టావు.

నష్టం ఎక్కువనిపిస్తే ఆలస్యం చేయకుండా కంపెనీకి తెలియజేయి. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చేలోపు గోడకు కర్రల ఆసరా పెట్టించవచ్చు, దాని బిల్లు కూడా దాచు. ఆయన వచ్చే రోజు నేనుంటాను. నాకు అధికారమిస్తూ ఉత్తరం, పాలసీ జిరాక్స్ పంపు.

మీ మామయ్య