చక్కెర ఫాస్ఫేట్లను విడివిడిగా కొలవాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్, గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ అనే ఈ మూడు చక్కెర ఫాస్ఫేట్లూ (ఫాస్ఫేట్ అంటుకున్న చక్కెరలు) అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 259 దగ్గరే కనిపిస్తున్నాయని టెన్షన్ పడుతూ రాశావు. కనిపించక ఏం చేస్తాయి? మూడింటి అణుభారం ఒకటే, 260; యంత్రంలో ఒక ప్రోటాన్ పోగొట్టుకుని 259గా కనిపిస్తాయి. ముక్కలు చేసినా ప్రధానంగా 97, 79 అనే ఫాస్ఫేట్ ముక్కలే వస్తాయి. క్రోమటోగ్రఫీ కాలమ్‌లో (పదార్థాలను వేరుచేసే గొట్టంలో) ముందే విడిపోకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా చేసేదేమీ లేదు.

నన్నడిగితే ముందు పాత ఎంజైమ్ పద్ధతే పట్టుకో. కువెట్‌లో (కాంతి కొలతకు వాడే చిన్న పారదర్శక గిన్నెలో) శాంపిల్, బఫర్, మెగ్నీషియం, ఎన్ఏడీపీ (ఎంజైమ్‌కి తోడుపడే అణువు) వేసి, 340 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుంటుందో ఆ రీడింగ్ రాసుకో. మొదట గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ వెయ్యి. అది గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ని ఆక్సీకరిస్తూ ఎన్ఏడీపీని ఎన్ఏడీపీహెచ్‌గా మారుస్తుంది; ఆ కాంతిని పీల్చేది ఎన్ఏడీపీహెచ్ కాబట్టి రీడింగ్ పెరిగి ఒకచోట నిలబడుతుంది. ఆ పెరిగినదంతా గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ లెక్క. అదే కువెట్‌లో ఫాస్ఫోగ్లూకోజ్ ఐసోమరేజ్ కలిపితే ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మారి బయటపడుతుంది. చివర ఫాస్ఫోగ్లూకోమ్యూటేజ్ వేస్తే గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ కూడా అలాగే మారి తేలుతుంది. ఈ ఆఖరి ఎంజైమ్‌కి కొద్దిగా గ్లూకోజ్-1,6-బిస్‌ఫాస్ఫేట్ తోడివ్వు, లేకపోతే నత్తనడకే. వరస మాత్రం తప్పొద్దు. ఒక సెంటీమీటరు కువెట్‌లో రీడింగ్ 0.311 పెరిగిందంటే అందులో 50 మైక్రోమోలార్ ఉన్నట్టు. ఎంజైమ్ కలిపినప్పుడల్లా ద్రావణం కాస్త పలచబడుతుంది, అదీ లెక్కలో వేసుకో.

అసలు చిక్కు ఆ రీడింగ్ నిలబడటం దగ్గరే ఉంది. మొదటి ఎంజైమ్ వేశాక గీత చదునుగా ఆగకుండా మెల్లగా పాకుతూనే ఉంటే, ఆ సీసాలో ఐసోమరేజ్ కొంచెం కలిసి ఉండొచ్చు. లేదా 6-ఫాస్ఫోగ్లూకొనేట్ డీహైడ్రోజినేజ్ కలిసి, తయారైన 6-ఫాస్ఫోగ్లూకొనేట్‌ని మళ్లీ ఆక్సీకరించి రీడింగ్ పెంచుతుండొచ్చు. శాంపిల్ బదులు ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ ఒక్కటే పెట్టి చూడు. మొదట చిన్న గెంతు వచ్చి ఆగిపోతే ఆ పౌడర్‌లోనే కొంత గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఉందన్నమాట, కంగారు లేదు. ఆగకుండా పాకితే ఆ ఎంజైమ్ పక్కన పెట్టి వేరే సీసా తెప్పించు. ఇది తేలకుండా శాంపిళ్ల జోలికి పోకు.

కణాలను చల్లటి పెర్‌క్లోరిక్ యాసిడ్‌తో చటుక్కున ఆపెయ్యి, లేకపోతే కణంలోని ఎంజైమ్‌లే ఒకదాన్ని ఇంకోటిగా మార్చేస్తాయి. ఆపైన యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచకు. 1 నార్మల్ యాసిడ్‌లో 100 డిగ్రీల దగ్గర 7 నిమిషాలకే గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ దాదాపు పూర్తిగా విడిపోతుంది, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ మాత్రం గట్టిగా నిలుస్తుంది. అందుకే అంతా ఐస్‌లోనే కానియ్యి. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేసి, దిగిన తెల్లటి మడ్డిని చల్లగా ఉండగానే సెంట్రిఫ్యూజ్‌లో తీసెయ్యి.

పరిమాణం మరీ తక్కువై 340 దగ్గర అందకపోతే అప్పుడు కాలమ్‌తో మాస్ స్పెక్ట్రోమీటర్, కార్బన్-13 ప్రమాణాలు (బరువైన కార్బన్‌తో చేసిన, పోల్చుకోడానికి తెలిసిన మోతాదులో కలిపే నమూనాలు). మాన్నోజ్-6-ఫాస్ఫేట్ కూడా ఆ 259లోనే దాక్కుంటుంది కాబట్టి, నాలుగింటినీ విడివిడిగా ఎక్కించి ఏది ఎప్పుడు దిగుతుందో ముందే చూసుకో.